తిరుచానూరు మామ ల్యాప్‌టాప్ సంగతి, ఇప్పటిదాకా

శనివారం సాయంత్రం

మామ ల్యాప్‌టాప్‌ని కూరగాయల సంచిలో పెట్టుకోని కొర్లగుంటకి వచ్చినాడు. పవర్ నొక్కితే కంపెనీ బొమ్మ వస్తాది, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, ఆటోమేటిక్ రిపేర్ అంటాది, మళ్ళీ మొదటికే. టౌన్‌లో ఒక అంగట్లో చూపిస్తే విండోస్ కొత్తగా వేస్తాం, డేటా పోతాది అన్నారంట. దాంట్లో మా మరదలి ఓణీల ఫంక్షన్ ఫోటోలున్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు, పోయినాయంటే అత్త ఊరుకోదు.

బ్యాటరీ తీసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకున్నా, ర్యామ్ పీకి దాని పట్టీలు ఎరేజర్‌తో రుద్ది పెట్టినా. తేడా లేదు. కానీ కీబోర్డ్ ఎడమ పక్కన చెవి ఆనిస్తే టిక్కు టిక్కు, కొంచెం ఆగి మళ్ళీ టిక్కు. ఇంక విండోస్‌ని తిట్టి లాభం లేదు, పోయేది హార్డ్ డిస్కే. బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెర) డిస్క్ పేరు కనిపిస్తా ఉంది కాబట్టి ధైర్యం చేసినా, అదీ లేకుంటే నేనైతే ముట్టుకోను.

ఆదివారం

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ఎఫ్12 నొక్కి దాన్నుంచే బూట్ చేసినా. డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ కొడితే పైన "పాస్‌డ్" అని చూపిస్తాది, కిందికొచ్చి చూస్తే పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్క్ సరిగ్గా చదవలేకపోతా ఉండే ముక్కలు, 312. ఆ పాస్‌డ్‌ని నమ్మొద్దబ్బా. రిపేర్ మళ్ళీ మళ్ళీ ఆ చెడిపోయిన చోటే చదవబోయి ఇరుక్కుంటా ఉందన్నమాట, ఇంకో నాలుగుసార్లు తిప్పుంటే ఉన్నదీ పోయేది.

పోతా ఉండే డిస్క్ నుంచి డేటా లాగే డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ని ఇమేజ్ (ఉన్నదున్నట్టు ఒకే పెద్ద ఫైల్‌గా కాపీ) తీయడం మొదలుపెట్టినా. సరిగ్గా 4 జీబీకి ఆగిపోయింది. నా తెలివి, టీవీకి పెట్టే 1 టీబీ డిస్క్ తెచ్చినా, అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్, 4 జీబీ కంటే పెద్ద ఫైల్ పట్టదు. దాంట్లో ఉండే సినిమాలన్నీ వేరే చోటికి మార్చి, లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి మార్చి, మళ్ళీ మొదట్నుంచి.

రాత్రి పదకొండుకి కరెంటు పోయింది. మామ బ్యాటరీ రెండు నిమిషాలు కూడా ఆగలా. మ్యాప్ ఫైల్ (ఎంతవరకు చదివిందో డీడీరెస్క్యూ రాసుకునే చిట్టా) బయటి డిస్క్‌లోనే పెట్టుండాను కాబట్టి బతికిపోయినా, కరెంటొచ్చినాక మళ్ళీ మింట్‌లోకి పోయి డీడీరెస్క్యూ ఇన్‌స్టాల్ చేసి అదే కమాండ్ కొడితే వదిలిన చోట నుంచే అందుకునింది. పెన్‌డ్రైవ్ మింట్‌లో సేవ్ చేసేది ర్యామ్‌లోనే ఉంటాది, మ్యాప్‌ని దాని డెస్క్‌టాప్ మీద పెట్టుంటే అది ర్యామ్‌తో పాటే గోవిందా.

మంగళవారం

డీడీరెస్క్యూకి ముందు మైనస్ ఎన్ ఆప్షన్‌తో మంచి చోట్లన్నీ లాగేసి, తరవాత మైనస్ ఆర్3తో మొండి సెక్టార్లని మూడేసి సార్లు అడిగించినా. ఎండకి డిస్క్ 54 డిగ్రీలకి పోతే అడుగున రెండు అగ్గిపెట్టెలు ఎత్తుపెట్టి టేబుల్ ఫ్యాన్ తిప్పినా, 45కి దిగింది. చివరికి రానిది 1 ఎంబీ లోపే.

పాత హార్డ్ డిస్క్ బదులు 480 జీబీ ఎస్ఎస్‌డీ తెచ్చినా. 500 జీబీ ఇమేజ్ దాంట్లోకి నేరుగా ఎక్కదు, అందుకే ఇమేజ్‌ని రీడ్ ఓన్లీగా (మార్చకుండా చదవడానికి మాత్రమే) మౌంట్ చేసి, అంటే ఒక డిస్క్ మాదిరి తెరిచి, ఫోటోలు మాత్రం తీసుకున్నా. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, 11కి ఈ ప్రాసెసర్ చాలదు, కాబట్టి మింటే వేసేసినా. 40 సెకన్లలో లేస్తా ఉంది.

ఓణీల ఫోటోలు తెరిచి చూస్తే ఒక్కటి మాత్రం సగం నుంచి కిందికి బూడిద రంగు గీతలు. పైసగంలో అత్త కనిపిస్తా ఉంది, కింద కూర్చోనుండే మరదలు లేదు. మామకి ఇంకా చెప్పలా.