స్టీరింగ్ పట్టుకున్నవాడికి వాంతి రాదు

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెడుతూ "సారీ" అన్నాను. మా టీమ్ లీడ్‌కి కోపం వచ్చింది. యాభై దాటిన అమెరికన్ ఆవిడ, మామూలుగా గొంతు పెంచని మనిషి. "సారీ ఎందుకు? నీకు కళ్ళు తిరిగితే అది మా బగ్, మా వస్తువులో తప్పు. నువ్విలా సారీలు చెప్పుకుంటూ పోతే ఆ బగ్ నేను ఎవరి పేరు మీద రాయాలి?" అని గట్టిగానే అడిగింది. తర్వాత కుర్చీ లాగి కూర్చోబెట్టి, చేతిలో ఒక అల్లం బిళ్ళ పెట్టి, ఆ పూటకి ఇంటికి వెళ్ళిపొమ్మంది. సెషన్ సగంలోనే ఆగినా గంటలు పూర్తిగా వేసింది.

నేను అమెరికాలో, సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో, వర్చువల్ రియాలిటీ (వీఆర్) గేమ్‌లు, అంటే కళ్ళకి హెడ్‌సెట్ తొడుక్కుంటే చుట్టూ ఇంకో లోకం కనిపించే గేమ్‌లు, టెస్ట్ చేసే కాంట్రాక్ట్ ఉద్యోగిని. ఊళ్ళో ఎవరికి చెప్పినా "గేమ్స్ ఆడితే జీతం ఇస్తారా?" అని నవ్వుతారు. ఒకే తలుపులోంచి ఒకే గదిలోకి పూటంతా వెళ్ళొస్తూ, చెయ్యి గోడలోకి ఎక్కడ దూరిపోతోందో, కింద పెట్టిన గ్లాసు ఎందుకు గాల్లో నిలబడిందో రాసుకోవడాన్ని ఆట అనుకుంటే ఆటే. ఇదికాక కంఫర్ట్ టెస్ట్ అని ఒకటుంది. అందులో గేమ్ ఎలా ఉందో ఎవరికీ అక్కర్లేదు, ఆడుతుంటే నీ ఒంట్లో ఎలా ఉందో చెప్పాలి. దానికో ఫారం. 1993లో కెనెడీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు విమాన సిమ్యులేటర్లలో శిక్షణ తీసుకునే నేవీ పైలట్ల అనుభవాల మీద తయారుచేసిన ప్రశ్నావళి అది. మొత్తం 16 లక్షణాలు. తలనొప్పి, కళ్ళ బరువు, చెమట, నోట్లో నీళ్ళూరడం, కడుపులో తిప్పడం, ఆఖరికి త్రేన్పులు కూడా. ఒక్కోదానికి లేదు, కొంచెం, మధ్యస్థం, తీవ్రం అని నాలుగు గళ్ళు.

నేను అన్నిటికీ "లేదు", మరీ తప్పకపోతే "కొంచెం" అని టిక్కు పెట్టే రకాన్ని. మనం అంతే కదా. పెళ్ళి భోజనంలో పప్పులో ఉప్పు ఎక్కువైతే మజ్జిగ పోసుకుంటాం గానీ వడ్డించేవాళ్ళని పిలిచి చెప్పం. పైగా నాది చిన్నప్పట్నుంచీ తీర్పు అయిపోయిన కేసు: "ఈ పిల్లకి బస్సు పడదు." మాది మార్కాపురం. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కగానే అమ్మ నా ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టేది, వెనక సీటావిడ ఎవరో పాలిథిన్ కవర్ అందించేది, ఇంకెవరో వీపు నిమిరేవారు. బస్సు అంతా నాకు సేవ చేసేది. లోపం మాత్రం నాదే. రోడ్డుది అని గానీ, బస్సుది అని గానీ ఎవరూ అనగా వినలేదు.

ఇన్నేళ్ళకి ఒకావిడ లోపం నీది కాదు, మా వస్తువుది అనేసరికి నాకు మొదట మింగుడుపడలేదు. ఇంటికొచ్చి రెండుసార్లు టీ పెట్టుకుని తాగాను.

అసలు ఒంట్లో జరిగేది ఇదీ. లోపలి చెవిలో మన కదలికని పసిగట్టే ఏర్పాటు ఉంటుంది. ఘాట్ బస్సులో కూర్చుని ముందు సీటు వీపు చూస్తుంటే కళ్ళు "కదలట్లేదు" అంటాయి, చెవి "మెలికలు తిరుగుతున్నాం" అంటుంది. హెడ్‌సెట్‌లో సరిగ్గా తిరగబడుతుంది. కళ్ళు "పరిగెత్తుతున్నాం" అంటాయి, చెవి "కార్పెట్ మీద నిలబడే ఉన్నాం" అంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరకే తల తిరుగుతుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఫోన్‌లో నాన్నకి ఇదంతా చెప్పాను. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు, ఎక్కువ కాలం ఆ ఘాట్ మీదే. నా ఉద్యోగం గురించి విని నవ్వని మనిషి ఆయనొక్కరే. కాసేపు విని, "స్టీరింగ్ పట్టుకున్నవాడికి వాంతి రాదమ్మా. మలుపు వస్తోందని వాడికి ముందే తెలుసు" అన్నారు.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా డిజైనర్లు మీటింగుల్లో స్లైడ్లు వేసి చెప్పేది ఇదే. ఆడేవాళ్ళు తల తిప్పకుండా కెమెరా తనంతట తాను తిరగకూడదు. దృశ్యం మీద అదుపు వాళ్ళ చేతుల్లోంచి లాక్కున్న మరుక్షణం కడుపులో తిప్పడం మొదలవుతుంది. 2020లో వాల్వ్ కంపెనీ తెచ్చిన 'హాఫ్-లైఫ్: అలిక్స్' గేమ్‌లో నడిచి వెళ్ళే పద్ధతితో పాటు, వెళ్ళాల్సిన చోటు చూపించి అక్కడ ప్రత్యక్షమయ్యే టెలిపోర్ట్ పద్ధతి కూడా పెట్టింది ఇందుకే. చాలా గేమ్‌లలో పక్కకి తిరగడం కూడా మెల్లగా జారినట్టు ఉండదు, ఠక్కున ఇన్ని డిగ్రీలు అని ఒక ముక్కగా తిరుగుతుంది. పాటకి తగ్గట్టు ఎదురొచ్చే దిమ్మల్ని కత్తులతో నరికే 'బీట్ సేబర్' గేమ్ అంత మందికి ఎక్కడానికి ఒక కారణం, అందులో మనిషి ఉన్నచోటే ఉంటాడు, చేతులు నిజంగానే ఊపుతాడు. కంటికీ చెవికీ తగువు రాదు.

మన మాల్స్‌లో మాత్రం 9డి అని బోర్డు పెట్టి, ఊగే కుర్చీలో కూర్చోబెట్టి, రోలర్ కోస్టర్ చూపిస్తారు. చేతిలో స్టీరింగ్ లేకుండా ఘాట్ దింపడమే అది. హైదరాబాద్‌లో మా చిన్నమ్మ కొడుకు అలాంటిది ఐదు నిమిషాలు చూసి "వీఆర్ అంటే వాంతే అక్కా" అని తేల్చేశాడు. వాణ్ణి తప్పుపట్టలేను. కానీ ఒక టెక్నాలజీని దాని అతి చెత్త నమూనాతో పరిచయం చేస్తే జనం ఇంకేమనుకుంటారు?

తెర పక్షాన కూడా చెప్పాలి. అది చాలా కష్టపడింది. 1968లో ఐవాన్ సదర్లాండ్ చేసిన తొలి హెడ్‌సెట్‌కి, తల ఎటు తిరిగిందో కొలిచే కడ్డీ పైకప్పు నుంచి వేలాడేది. 1995లో నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్‌లో అంతా ఎరుపూ నలుపే, ఏడాది తిరక్కుండా దుకాణం కట్టేశారు. 2012లో ఓక్యులస్ అనే హెడ్‌సెట్ కంపెనీ వాళ్ళు జనం దగ్గర రెండున్నర లక్షల డాలర్లు అడిగితే 24 లక్షలు వచ్చాయి. ఇక అక్కణ్ణుంచి పోటీ. తల తిప్పాక బొమ్మ మారడానికి 20 మిల్లీసెకన్లు దాటకూడదని లెక్క తేల్చారు. సెకనుకి 90 బొమ్మలంటే ఒక్కోదానికి 11 మిల్లీసెకన్లు. అంతసేపూ తెర వెలిగే ఉంటే తల తిప్పినప్పుడు బొమ్మ అలుక్కుపోతుంది కాబట్టి, అందులో ఏ రెండు మిల్లీసెకన్లో వెలిగించి మిగతాసేపు చీకటిగా ఉంచుతారు. ఆ చీకటి మన కంటికి తెలియనే తెలియదు. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్‌లో రెండు కళ్ళకీ కలిపి 2.3 కోట్ల పిక్సెళ్ళు (తెర మీది చుక్కలు), వచ్చినప్పటి ధర 3,499 డాలర్లు. కన్ను ఎటు చూస్తే అక్కడే స్పష్టంగా గీసి, చుట్టూ మసగ్గా వదిలేసే ఉపాయం కూడా ఇప్పుడు కొన్నిటిలో వచ్చింది.

ఇన్ని చేసినా కార్పెట్ మీద నిలబడ్డ చెవిని ఒప్పించే పిక్సెల్ ఇంకా రాలేదు. అందుకే గేమింగ్ భవిష్యత్తు అంటే పిక్సెళ్ళ లెక్క చెప్పేవాళ్ళ మాట నేను సగమే వింటాను.

లీడ్ సంగతికి వస్తాను. ఆ మర్నాడు ఆవిడ చిన్న స్కేలు లాంటిది తెచ్చి నా రెండు కనుపాపల మధ్య దూరం కొలిచింది. 57 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ళకి సగటున 63 దాకా ఉంటుంది. మేము టెస్ట్ చేస్తున్న హెడ్‌సెట్ లెన్సులు అంత దగ్గరకి రావు. ఆడవాళ్ళకి వీఆర్‌లో ఎక్కువ తల తిరుగుతుందని ఒక పేరుంది. 2020లో కే స్టానీ అనే పరిశోధకురాలి బృందం దాన్ని పరీక్షించి, పెద్ద కారణం ఈ కొలత కుదరకపోవడమేనని చూపించింది. ఇది విన్నాక నాకు మిగతావి కూడా కనిపించడం మొదలైంది. వెనక పట్టీ నా జడ కోసం ఆలోచించి పెట్టింది కాదు. ముందు స్పాంజి సాయంత్రానికి నా స్టిక్కర్ బొట్టు ఊడబీక్కుని తనే పెట్టుకుంటుంది. లీడ్ ఈ రెండూ కూడా బగ్గులుగా రాసింది, బొట్టు ఫొటోతో సహా! కొలత బగ్ ఇంకా తెరిచే ఉంది. లెన్సులు జరపాలంటే కొత్త అచ్చు కావాలట. కానీ దానికి ఒక నంబర్ ఉంది, దాని గురించి అడిగే మనుషులున్నారు.

ఇదంతా మెచ్చుకోలుగానే రాస్తున్నాను. అయినా ఏదో గుచ్చుతోంది. ఆవిడది దయా, వ్యాపారమా? ఫేస్‌బుక్ వాళ్ళ మెటా కంపెనీ తన వీఆర్ విభాగంలో 2023లో 1,600 కోట్ల డాలర్లకి పైగా నష్టం చూపించింది, మరుసటి ఏడు 1,700 కోట్లు దాటింది. మొదటి పది నిమిషాల్లో తల తిరిగితే ఆ హెడ్‌సెట్ అల్మారాలోకి పోతుంది, మళ్ళీ బయటికి రాదు. నా కడుపు గురించి అంత శ్రద్ధగా అడిగేది అందుకే కావచ్చు. మా భీమవరం అబ్బాయి ఒకడు పక్క టీమ్‌లో ఉండేవాడు, అదే ఫారాలు నింపేవాడు. ప్రాజెక్ట్ ఎత్తేశాక వాణ్ణి పావుగంట కాల్‌లో పంపేశారు. హెచ్1బి వీసా కాబట్టి 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమైనా, విమానమైనా వెతుక్కోవాలి. ఆ కాల్ తర్వాత తలనొప్పిగా ఉందా, చెమట పడుతోందా, ఎంత తీవ్రంగా అని వాణ్ణి అడిగినవాళ్ళు లేరు. మేం నలుగురం వంతులేసుకుని వాడి రూమ్‌కి క్యారేజీలు తీసుకెళ్ళాం. మనకి తెలిసిన పద్ధతి అదే.

మా అమ్మ నిమ్మకాయ వల్ల ఘాట్‌లో ఒక్క మలుపూ తగ్గలేదని నాకు తెలుసు. ఇక్కడ నేను చెప్పినదానివల్ల ఒక గేమ్‌లో పడవ సీన్ మొత్తం మార్చారు. ఏది గొప్ప అని ఎవరైనా అడిగితే నోటితో పడవ అంటాను. జ్వరం వచ్చిన రాత్రి మాత్రం నిమ్మకాయే గుర్తొస్తుంది. మరి అల్లం బిళ్ళ ఇచ్చింది కదా అంటారా? ఇచ్చింది. అదేనండీ నన్ను ఎటూ తేల్చుకోనివ్వనిది. కంపెనీ రూల్స్‌లో అల్లం బిళ్ళ లేదు. తన సంచీలోంచి తీసి ఇచ్చింది.

ఒకసారి లంచ్‌లో ఆవిడే స్నోవరల్డ్ గురించి చెప్పింది. ఇక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీ ల్యాబ్‌లో పుట్టిన వీఆర్. సియాటిల్ హార్బర్‌వ్యూ ఆసుపత్రిలో కాలిన గాయాలకి కట్లు మార్చేటప్పుడు రోగులకి పెట్టేవారు. మంచు లోయలో మెల్లగా సాగుతూ, మంచుమనుషుల మీదా పెంగ్విన్ల మీదా మంచు ఉండలు విసరడం, అంతే ఆట. ధ్యాస అటు మళ్ళి నొప్పి తెలియడం బాగా తగ్గిందని పరిశోధనల్లో తేలింది. గ్రాఫిక్స్ ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వుతారు. ఎన్ని పిక్సెళ్ళని ఏ రోగీ అడిగి ఉండడు.

కంఫర్ట్ టెస్ట్‌లకి నన్నిప్పుడు పిలవడం మానేశారు. నెలల తరబడి పెట్టుకుంటే ఒళ్ళు అలవాటు పడిపోతుంది, ఇక మన ఫారానికి విలువ ఉండదు. ఎప్పుడూ పెట్టుకోని కొత్తవాళ్ళు కావాలి. బయటివాళ్ళని పిలిచి గిఫ్ట్ కార్డులు ఇస్తున్నారు. మా అత్తయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. ఆవిడ కంటే కొత్తవాళ్ళు ఈ కౌంటీలో దొరకరు. కానీ ఆ వీసా మీద అలాంటివి తీసుకోవచ్చో లేదో అని మావారికి టెన్షన్, వద్దన్నారు.

అందుకని ఇంట్లోనే ఆవిడకి మా క్వెస్ట్ 3 హెడ్‌సెట్ పెట్టాను. మొదట రేసింగ్ గేమ్. నిమిషం కూడా కాకుండా పీకేసి, "తల తిరుగుతోంది, ఎవడు చేశాడే అమ్మాయ్ ఇది?" అన్నారు. మనం ఓర్చుకునే జాతి అని నేను పైన కట్టిన సిద్ధాంతం ఆవిడకి వర్తించదు. తర్వాత, మన హాలు మనకి కనిపిస్తూనే అందులోకి గేమ్ వచ్చే రకం పెట్టాను. సోఫా, టీవీ, కిటికీ ఉన్నచోటే ఉంటాయి. పైకప్పు బద్దలై ఒక నౌక దిగుతుంది, గోడలు పగలగొడుతుంటే వెనక ఇంకో లోకం కనిపిస్తుంది, బొచ్చు బంతుల్లాంటి జీవులు హాల్లోకి దూకుతాయి, వాటిని పట్టుకోవాలి. గది కళ్ళ ముందు కదలకుండా ఉంటుంది కాబట్టి చెవికి ఫిర్యాదు లేదు. కాఫీ చల్లారిపోయినా ఆవిడ తీయలేదు. ఎడమ పక్క గోడ దాదాపు మొత్తం పగలగొట్టాక ఒక్కసారి ఆగి, హెడ్‌సెట్ తీయకుండానే నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మీ డిపాజిట్ తిరిగి ఇస్తారా వీళ్ళు?"

ఇవ్వరన్నాను. "అయితే ఈ కిటికీ పక్కది కూడా కొట్టేస్తాను" అన్నారు.