గెనాడెండాల్‌లో మూడు గదుల పూరింటికి అనుమతి: నా అనుభవం

అనుమతి కాగితం నిన్ననే చేతికొచ్చింది, అందుకే వెంటనే రాస్తున్నాను. గెనాడెండాల్ దక్షిణాఫ్రికా వెస్టర్న్ కేప్‌లోని పాత మొరేవియన్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) మిషన్ ఊరు. అక్కడ ఓ పెద్దావిడ ఇంటి పడమటి గోడ అడుగున కరిగిపోతోంది. వెనకవైపు స్నానాలగది కూడా కావాలి. 1999 నాటి జాతీయ వారసత్వ చట్టం 34వ సెక్షన్ ప్రకారం 60 ఏళ్లు దాటిన కట్టడాన్ని మార్చాలన్నా కూల్చాలన్నా అనుమతి తప్పనిసరి.

దరఖాస్తు, కొలతలతో ప్లాను, అన్ని వైపుల ఫొటోలు, స్థల హక్కుదారు సంతకం సులువుగానే అయిపోయాయి.

చిక్కంతా ఇంటి ప్రాముఖ్యం రాసే దగ్గర వచ్చింది. ముందు పెట్టుకున్న సలహాదారు ఆవిడ ఎదుటే "ఈ మట్టిగోడల్లో ఏముందమ్మా, కూల్చేసి సిమెంటు దిమ్మెలతో కట్టుకోండి" అనేశాడు. నివేదికలో కూడా వారసత్వ విలువ లేదని ఒక్క ముక్కలో తేల్చాడు. ఆవిడ తలదించుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకింకా ఆ కోపం చల్లారలేదు. నగిషీల గేబుళ్లున్న (కప్పు అంచున పైకి లేచే అలంకారపు గోడలున్న) కేప్ డచ్ భవంతులు, అంటే డచ్ వలసదార్ల శైలి పెద్ద ఇళ్లు, తప్ప మరేదీ వారసత్వంగా కనపడని వాళ్లకు ఇలాంటి పని అప్పగించకండి.

నివేదిక నేనే తిరగరాశాను. అదే చట్టంలోని సెక్షన్ 3(3) చదివితే దారి దొరుకుతుంది. గొప్పవాళ్ల ఇల్లు కావాలనో, పేరున్న వాస్తుశిల్పి కట్టాలనో అందులో లేదు. ఒక తరహా కట్టడాల ముఖ్య లక్షణాలు చూపడం, ఒక సమాజానికి ఆ చోటుతో ఉన్న అనుబంధం, బానిసత్వ చరిత్రతో సంబంధం, ఇవన్నీ కొలమానాలే. 1738లో మొరేవియన్ మత ప్రచారకుడు గేయోర్గ్ ష్మిట్ ఇక్కడ ఖోయ్‌ఖోయ్ అనే స్థానిక జనం మధ్య మిషన్ మొదలుపెట్టాడు. 1838లో బానిసలకు పూర్తి విడుదల దొరికాక చాలామంది ఇలాంటి మిషన్ ఊళ్లకే వచ్చి తలదాచుకున్నారు. సొంత గోడలు లేపుకోవడమే వాళ్ల స్వేచ్ఛకు మొదటి రుజువు. అందుకే ఇంటిని విడిగా చూపకండి. వీధి వరస, పెరటి తోట, నీటి కాలువ ఒకే ఫొటోలో పడాలి. విలువ ఉన్నది ఆ పొందికలోనే.

ఇక మరమ్మతు. పచ్చి ఇటుక గోడ కరగడానికి కారణం మట్టి కాదు, తర్వాత ఎవరో పూసిన సిమెంటు. తడి బయటికి పోలేక గోడ అడుగునే నిలిచి ఇటుకను మెత్తబరుస్తుంది. ఆ పూతను చిన్న ఉలితో నెమ్మదిగా ఊడదీయాలి. గోడ చుట్టూ వేసిన సిమెంటు గచ్చునూ తీసి, వాన నీరు బయటికి జారేలా వాలు ఇవ్వాలి. చెడిన ఇటుకలను మూడడుగులకు మించకుండా, వరసగా కాక ఒక చోటు వదిలి ఒక చోట మార్చాలి. ఒకేసారి తవ్వితే పైభారానికి గోడ కూర్చుండిపోతుంది. జోడించేది మట్టి అడుసుతోనే. పైన సున్నపు పూత, ఆపైన పలచటి వెల్ల నాలుగైదు సార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి వేయాలి. ప్లాస్టిక్ పెయింట్ వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

పూరి కప్పు వాలు 45 డిగ్రీలకు తగ్గనివ్వకండి, నీళ్లు నిలిచి రెల్లు కుళ్లుతుంది. నిప్పు భయంతో రేకులు వేయమనేవాళ్లున్నారు. 2018 డిసెంబరులో వుప్పర్తాల్ అనే ఇలాంటి మరో మిషన్ ఊళ్లో చాలా ఇళ్లు కాలిపోయాయి కాబట్టి ఆ భయం ఉత్తిది కాదు. దానికి పాత కేప్ ఇళ్లలోనే జవాబుంది. అటక పలకల మీద మట్టి పొర పరిచేవాళ్లు, పైకప్పు అంటుకున్నా మంట గదిలోకి దిగడానికి సమయం పట్టేది. ఆ మట్టి పొరను ఊడదీయించకండి.

స్నానాలగదిని వెనక, చూరుకంటే కిందగా, విడి కప్పుతో చూపించాం. నీటి గొట్టాలు కొత్త గోడలోనే ఉండాలి. పచ్చి ఇటుకలో వేసిన గొట్టం కాస్త కారినా బయటపడేది గోడ కుంగాకే.