అప్పకు రెండుసార్లు తీసిన స్కాన్

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మేముండేది ఒడిశా వైపు, గజపతి జిల్లాలో. 2022లో నా రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసింది. కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగే వ్యర్థం, క్రియాటినిన్, తొమ్మిది దాటింది, వారానికి మూడు డయాలసిస్‌లు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. దాహమేసినా కొలిచి పోసిన నీళ్ళే తాగాలి, అంతే.

ఎవరూ అడగకముందే మా అప్ప, అంటే అక్క, "నాది ఇస్తాను" అంది. బ్లడ్ గ్రూపు కలిసింది, నా రక్తం అప్ప కిడ్నీని ఎదిరిస్తుందేమో చూసే క్రాస్‌మ్యాచ్ కూడా బాగానే వచ్చింది. ఇక ఆపరేషనే అనుకున్నాం. విశాఖలో సర్జన్ గారు మాత్రం రక్తనాళాలు చూడనిదే డేటు ఇవ్వనన్నారు. సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు కనబడేలా సూదితో మందు ఎక్కించి తీసే స్కాన్, రాశారు.

ఖర్చు తగ్గుతుందని దగ్గర్లోని ఒక స్కానింగ్ సెంటర్‌కు వెళ్ళాం. వాళ్ళు పొట్టకు తీసే మామూలు సీటీ తీసి పంపేశారు. మందు ధమనుల్లో పారుతున్నప్పుడు తీయాల్సిన ఫోటోలే అందులో లేవు. సర్జన్ గారు సీడీ చూసి పక్కన పెట్టేశారు. అప్పకు మళ్ళీ సూది, మళ్ళీ మందు. ఆ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి కదా, అందుకని కొన్ని రోజులు ఆగి, క్రియాటినిన్ చూసుకుని మరీ రెండోసారి తీశారు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. కిడ్నీ దాతకు తీసే స్కాన్ అని చీటీ మీద స్పష్టంగా రాయించుకుని వెళ్ళండి.

అప్ప బయటికొచ్చి, "మందు ఎక్కగానే గొంతు నుంచి కిందిదాకా వేడి పాకిందిరా. పాసు పోసేసుకున్నానేమోనని భయమేసింది" అంది. చాలామందికి అలాగే అనిపిస్తుందని నర్సు చెప్పింది.

సర్జన్ గారు మానిటర్ మావైపు తిప్పారు. మధ్యలో తెల్లగా పెద్ద ధమని, అటూ ఇటూ కొమ్మలు. కుడి కిడ్నీకి ఒకటే నాళం. ఎడమదానికి రెండు. ఒకటి లావుగా ఉంది, దాని కింద దారంలా ఇంకొకటి కిడ్నీ అడుగుకొసకు పోతోంది. "తెలియక దీన్ని కోస్తే రక్తం పోతుంది. కట్టేసి వదిలేస్తే మూత్రనాళానికి రక్తం చాలకపోవచ్చు" అన్నారు. పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఇలా ఉంటుందట. అయినా ఎడమదే తీస్తామన్నారు, దాని సిర పొడవు, అతకడం సులువు. ఒక్కో కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూపే డీటీపీఏ స్కాన్‌లో రెండూ సమానంగా పనిచేస్తున్నాయి. తేడా ఉండుంటే బాగున్నది అప్పకే ఉంచేవారట. ఆ మాటతో నా గుండెల్లో సగం బరువు దిగింది.

చిన్న కన్నాలతోనే అప్ప కిడ్నీ తీశారు. ఐసులో ఉంచి, ఆ దారంలాంటి నాళాన్ని పెద్దదానికి కుట్టి నాకు అమర్చారు. అయిదో రోజుకు నా క్రియాటినిన్ 1.4. అంతకు ముందురోజే అప్ప మెల్లగా నడిచొచ్చి, అద్దం అవతల నిలబడి, నా యూరిన్ బ్యాగు వైపు వేలు చూపించి నవ్వింది.

ఇచ్చినవాళ్ళకూ ఏటా బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రోటీన్ చూడాలి. ఇంటిపనిలో పడి అప్ప వాయిదా వేస్తూనే ఉంది. వచ్చే మంగళవారం నేనే తీసుకెళ్తున్నాను.