ఆదివారం, కారు అద్దాల పని

ఆదివారం, ఉదయం ఏడున్నర.

చోడంబలి తాగి, ఎండ ముదరకముందే డ్రైవరు వైపు తలుపు విప్పడం మొదలు. ఈరోజు అరసవల్లి సూర్యుడి గుడికి పోయే రోడ్డు నిండా బళ్లే, కారు బయటికి తీసే పని ఎలాగూ లేదు.

అద్దం సగం దాకా బాగానే ఎక్కుతోంది. పైన నాలుగు వేళ్ల మేర మొండికేస్తోంది. ఇది వినగానే "మెషిన్ పోయింది, మార్చేద్దాం" అనేస్తారు. మెషిన్ అంటే తలుపు లోపల అద్దాన్ని ఎత్తి దించేది. అది పోతే తీరు వేరుగా ఉంటుంది. దాని పళ్లు అరిగితే అద్దం తిప్పే హ్యాండిల్ ఒకచోట టకటకమని జారుతుంది, లేదా ఎక్కించిన అద్దం దానంతటదే దిగిపోతుంది. పైకి పోయేకొద్దీ బరువెక్కుతోందంటే అనుమానించాల్సింది అద్దం జారే రబ్బరు గాడిని. అద్దం ఎక్కేకొద్దీ ఎక్కువ భాగం ఆ గాడిలో ఇరుక్కుంటుంది మరి.

కొన్ని కార్ల హ్యాండిల్‌కి మూత కింద స్క్రూ ఉంటుంది. ఈ కారుకి గుర్రపు నాడా ఆకారంలో తీగ క్లిప్పు. అద్దం పూర్తిగా మూసి, హ్యాండిల్ ఏ వైపు చూస్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. మళ్లీ అదే కోణంలో పెట్టకపోతే మోకాలికి కొట్టుకుంటుంది. తర్వాత పాత బనీను గుడ్డని హ్యాండిల్‌కీ దాని వెనక ప్లాస్టిక్ రింగుకీ మధ్య దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగాలి. క్లిప్పు కొస గుడ్డకి తగులుకుని బయటికొస్తుంది. ఎగిరిపోతుంది కూడా, కింద తువ్వాలు పరవాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్యాడ్‌కి, అంటే తలుపు లోపలి వైపు కప్పే అట్టకి, గాటు తప్పదు.

చేతిపిడి స్క్రూలు రెండు, లోపలి లాక్ పిడి దగ్గర ఒకటి. ప్యాడ్‌ని కింది అంచు నుంచి, ప్లాస్టిక్ క్లిప్పు ఉన్నచోటే వేళ్లు పెట్టి ఒక్కొక్కటిగా ఊడదీయాలి. రెండు క్లిప్పుల మధ్య పట్టి లాగితే లోపలి అట్ట చిరుగుతుంది. అన్నీ వచ్చాక ప్యాడ్‌ని పైకెత్తితే కిటికీ అంచు బీడింగ్ నుంచి విడిపోతుంది. పాత ప్లాస్టిక్ క్లిప్పులు రెండు మూడు విరగడం ఖాయం, అరడజను ముందే కొని ఉంచుకోవాలి.

లోపల నల్ల బంకతో అంటించిన ప్లాస్టిక్ షీటు. చాలామంది చింపి పారేస్తారు. తలుపులోకి దిగే వాన నీరు ప్యాడ్‌కి తగలకుండా ఆపేది అదే. అది లేకపోతే ఒక్క వానాకాలానికే అట్ట ఉబ్బుతుంది. నెమ్మదిగా ఒక వైపుకి ఒలిచి టేపుతో ఆపితే చాలు.

అసలు పరీక్ష ఇప్పుడు. అద్దాన్ని మెషిన్‌కి పట్టి ఉంచే పది నంబరు బోల్టులు రెండూ కిటికీ సగంలో ఉన్నప్పుడు కనిపిస్తాయి. అద్దాన్ని ఎవరైనా పట్టుకున్నాకే విప్పాలి, లేకపోతే ధబ్బున కిందికి పడుతుంది. ఎదురింటి గుంటడు పట్టుకున్నాడు. చేత్తో పైకీ కిందికీ జరిపితే అద్దం ఒక్కటే బరువుగా కదిలింది. మెషిన్ ఒక్కదాన్నే తిప్పితే ఒక వేలితో తిరిగింది. మెషిన్ తప్పు లేదు.

"కొబ్బరినూనె రాసెత్తే పోద్ది గదా బాబాయ్" అన్నాడు వాడు.

రెండు రోజులు పోతుంది. ఆ తర్వాత నూనెకి దుమ్ము పట్టి బురదలా తయారై ముందుకంటే బిగుస్తుంది. ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ రాస్తే రబ్బరే ఉబ్బి మెత్తబడుతుంది. ఇక్కడ సముద్రం వైపు నుంచి వచ్చే సన్న ఇసుక, ఉప్పు గాలి సరేసరి. గాడి లోపలి మెత్తటి నూగు మీద పేరుకున్నది వేలితో గీకితే బూడిద రంగు ముద్దగా వచ్చింది.

పనికిరాని హాక్సా బ్లేడు వీపుకి తడిగుడ్డ చుట్టి గాడి పొడుగునా లాగడం. గుడ్డ నల్లబడటం ఆగేదాకా, అంటే ఆరేడు సార్లు. అరలీటరు నీళ్లలో నాలుగు చుక్కల షాంపూ చాలు. మూలల్లో పాత టూత్‌బ్రష్. అరగంట ఆరనిచ్చాక సిలికాన్ స్ప్రే, సన్న గొట్టం పెట్టి పలచగా రెండు పూతలు, మధ్యలో పది నిమిషాలు. తడిగా ఉండగా కొడితే పట్టదు. అద్దం అంచులు కూడా తుడవాలి, మురికంతా మళ్లీ గాడిలోకి అవే మోసుకెళ్తాయి.

మెషిన్ పళ్ల మీద పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. దాన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి (రబ్బరుకి తగలకుండా), చింతగింజంత తెల్ల గ్రీజు పళ్లకి, మరో చింతగింజంత నైలాన్ రోలరు జారే పట్టీకి. ఇది కత్తెర చేతుల మెషిన్, చుట్టలా ఉన్న స్ప్రింగు బిగుసుకుని ఉంటుంది. దాని రివెట్ల జోలికి పోకూడదు, చేతుల మధ్య వేలు పెట్టకూడదు. కేబుల్ రకంలో తీగ పోగు ఒక్కటి తెగినా గ్రీజుతో లాభం లేదు, సెట్టు మార్చడమే.

బిగించేటప్పుడు చాలాచోట్ల చెడేది అద్దం వెనక అంచు జారే గాడి పట్టీ బోల్టుల దగ్గర. వాటిని వదులుగా పెట్టి అద్దం పూర్తిగా ఎక్కించి పై బోల్టు, పూర్తిగా దించి కింది బోల్టు బిగిస్తే పట్టీ అద్దం దారినే పోతుంది. ముందే రెండూ బిగిస్తే అద్దం ఒరిగి మళ్లీ ఇరుక్కుంటుంది.

ప్యాడ్ పెట్టేముందు తలుపు అడుగు రంధ్రాలు చూడటం మరవకూడదు. దీనికి మూడు, రెండు మూసుకుపోయాయి. సైకిల్ పుల్లతో పొడిచి లోపల మగ్గు నీళ్లు పోస్తే మూడింట్లోంచీ ధారలు. మూసుకున్నవాటి నుంచి తుప్పు నీళ్లొచ్చాయి.

తీగ క్లిప్పు ముందు హ్యాండిల్‌లోనే తొడిగి, ఇరుసు మీద పెట్టి అరచేత్తో కొడితే టక్కున కూర్చుంది.

పదకొండున్నర. అద్దం అయిదున్నర చుట్లలో పూర్తిగా ఎక్కుతోంది, మూలుగు లేదు. ఎడమ వైపు తలుపు మిగిలింది. ప్లాస్టిక్ క్లిప్పులు రెండే ఉన్నాయి.