ఎడమ చెవికి తగిలిన దెబ్బ

చెంప మీద కొడితే చెవి పోతుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయన ముందునుంచీ చెయ్యి చేసుకునేవాడు. వాచేది, తగ్గేది. ఈసారి మాత్రం ఎడమ చెవిలో ఠప్‌మని శబ్దం వచ్చి వెంటనే హోరు మొదలైంది. కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. తెల్లారేసరికి దిండు మీద రక్తపు చెమ్మ. ఆ చెవికి ఫోను పెట్టుకుంటే అవతలివాళ్ల మాట బావిలోంచి వచ్చినట్టుంది.

అత్తయ్య వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చింది. మంచికే తెచ్చింది. నొప్పికి నేను చెవి ముట్టుకోనివ్వలేదు. పొర చిరిగిన చెవిలో చుక్క నూనె కాదు కదా, చుక్క నీళ్లు కూడా పడకూడదని, పడితే లోపల చీము పట్టే ప్రమాదం ఉందని తర్వాత తెలిసింది.

మేముండేది విజయవాడ సింగ్‌నగర్‌లో. సూర్యారావుపేటలో ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి ఆయనే తీసుకెళ్లాడు. నేను నోరు తెరిచేలోపే "బాత్రూమ్‌లో జారిపడింది మేడమ్" అన్నాడు. ఆవిడ లైటు పెట్టి చెవిలోకి చూసింది. ట్యూనింగ్ ఫోర్కు మోగించి నుదుటి మీద, చెవి వెనకాల పెట్టి ఎటు వినబడుతోందని అడిగింది. "ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష తియ్యాలి. ఆ గదిలోకి పేషెంటు ఒక్కరే రావాలి, మీరు బయట కూర్చోండి" అని ఆయన్ని పంపేసింది.

ఆ గదిలో మాట బయటికి వినబడదు. తలుపు వేశాక "ఎవరు కొట్టారమ్మా?" అంది. "జారిపడితే కర్ణభేరి మామూలుగా ఇలా చిరగదు. అరచెయ్యి చెవి మీద పడితే లోపలి గాలి ఒక్కసారిగా ఒత్తుకుని పొర చిరుగుతుంది. ఎదురుగా ఉన్నవాడు కుడిచేత్తో కొడితే తగిలేది ఎడమ చెవికే" అంది. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో కేస్‌షీటులో నా మాటల్లోనే రాసింది. ఆయన చేతికి వెళ్లే చీటీలో మాత్రం మందులు, జాగ్రత్తలే ఉన్నాయి. ఎంత ముందుచూపో చూడండి.

తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. "గొంతు ఎప్పుడైనా నొక్కాడా?" నొక్కాడు. ఆ మాటకు ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. గొంతు నొక్కితే బయట ఒక్క మచ్చ లేకపోయినా మెదడుకు వెళ్లే రక్తనాళం లోపల చిరగొచ్చట. రోజులు గడిచాక కూడా దానివల్ల పక్షవాతం రావొచ్చట. గొంతు బొంగురుపోయినా, మింగుతుంటే నొప్పి పుట్టినా, మెడనొప్పి, తలనొప్పి వదలకపోయినా, ఒక కంటిరెప్ప వాలినా ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలట. ఒకసారి గొంతు నొక్కినవాడి చేతిలో ఆ ఆడమనిషి ప్రాణమే పోయే ప్రమాదం చాలా ఎక్కువని కూడా చెప్పింది. చెవి సంగతి ఎవరికి తెలిసినా తెలియకపోయినా, ఈ ఒక్క సంగతి ప్రతి ఇంట్లో ఆడపిల్లకు తెలియాలి.

నా ఫోను రాత్రిపూట ఆయన చూస్తాడు. అందుకని నర్సమ్మ తన ఫోన్ నుంచి ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 కలిపింది. అవతల కౌన్సెలర్ నిదానంగా మాట్లాడింది. వెళ్లిపోతానని ఆయనతో అనొద్దు, వదిలి వెళ్లే సమయమే అన్నిటికన్నా ప్రమాదం, ముందు కాగితాలు బయటికి చేర్చు, చెయ్యి ఎత్తుతుంటే మాత్రం పోలీసులకు 112 కొట్టు, గొడవ ముదిరితే వంటింట్లోకి వెళ్లకు, అక్కడ కత్తిపీటలుంటాయి అంది. ఆధార్, పాప జనన ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్, పెళ్లి ఫొటో ఒక్కొక్కటిగా పక్క పోర్షన్ ఆంటీ బియ్యం డబ్బాలోకి చేరాయి. నా ఫోను ఎక్కడుందో ఆయన ఫోన్‌లో కనబడేది, కాబట్టి దాన్ని ఇంట్లోనే వదిలేశాను. ఆయన డ్యూటీకి వెళ్లిన పూట పాపను ఎత్తుకుని నేరుగా సఖి వన్ స్టాప్ సెంటర్‌కి వెళ్లాను. వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్, కొద్దిరోజులు తలదాచుకునే చోటు అన్నీ అక్కడే. ఆ తర్వాత తెనాలిలో అమ్మ దగ్గరికి.

చెవి మానడం మెల్లగా జరిగింది. స్నానానికి ముందు దూదికి వ్యాజిలిన్ రాసి చెవిలో పెట్టుకోవాలి, తలస్నానం వద్దు, ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచే తుమ్మాలి. ఎక్కువమందికి ఆ చిల్లు దానంతట అదే పూడుకుంటుంది, మూడు నెలలు చూసి పూడకపోతే ఆపరేషన్ అని డాక్టరమ్మ ముందే చెప్పింది. పగలు పనిలో పడితే హోరు తెలిసేది కాదు, రాత్రి ఇల్లు సద్దుమణిగాక నిద్ర పట్టనిచ్చేది కాదు. తలుపు చప్పుడైతే గుండె దడ. ఆ టెన్షన్‌కీ కౌన్సెలింగ్ తీసుకున్నాను, అది కూడా వైద్యమే. చెకప్‌కి బెజవాడ రావడానికి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. చేతిలో డబ్బు లేని నాలాంటిదానికి అది చాలా పెద్ద సాయం.

పెద్దమనుషుల్లో పెట్టారు. "ఒక్క చెంపదెబ్బకు కాపురం చెడగొట్టుకుంటావా అమ్మాయ్?" అన్నాడు బాబాయి. ఆడియోగ్రామ్ కాగితం తీసి బాబాయి ముందు పెట్టాను. కుడిచెవి గీత పైన ఉంది, ఎడమచెవి గీత కిందికి దిగిపోయింది, అంటే ఆ చెవికి వినికిడి తగ్గిందని. బాబాయి కాసేపు దాన్నే చూశాడు. మళ్లీ నన్ను సర్దుకుపొమ్మనలేదు.

2005 గృహహింస చట్టం కింద ఇలాంటి కేసులు చూసే ప్రభుత్వ అధికారి, ప్రొటెక్షన్ ఆఫీసరు రిపోర్టు రాసి కోర్టుకి పంపారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే చాలు, లేదా 15100కి ఫోన్ చెయ్యొచ్చు. మా ఆయన మా ఇంటి దగ్గరికి రాకూడదు, ఫోన్ చెయ్యకూడదు అని కోర్టు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. దాటితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా ఉందని తెలిశాక ఆయన ఫోన్లు ఆగిపోయాయి.

చిల్లు పూడింది. సన్నటి శబ్దాలు మాత్రం ఎడమవైపు ఇంకా తక్కువే. పాప అటు నుంచి గుసగుసలాడితే తల తిప్పుకుంటాను. మనోవర్తి మీద వాయిదాలు నడుస్తున్నాయి. ప్రతి వాయిదాకీ కేస్‌షీటు, ఆడియోగ్రాములు జిరాక్సు తీయించి లాయరమ్మ చేతికిస్తున్నాను, ఒరిజినల్స్ అమ్మ బీరువాలోనే ఉంచాను.