తొంభై తుఫానూ, మన ఎనిమిదో తరగతి గదీ

మన బడి జ్ఞాపకాల సంచికలో బెత్తం దెబ్బల గురించీ, ఇంటర్వెల్‌లో జీళ్ళ బండి గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను బడికి సెలవులున్న ఒక రోజు గురించి రాస్తాను. 1990 మే 9, బుధవారం. మన 1991 బ్యాచ్ తొమ్మిది గట్టెక్కి పదికి ఎదురుచూస్తున్న వేసవి అది. ఊళ్ళో మేడలున్నవాళ్ళకి ఆ తుఫాను ఒకలా గుర్తుంటుంది, కొల్లేటి లంకల నుంచి వచ్చే మాకు ఇంకోలా.

మా ఇల్లు కొల్లేటి అంచునే అంటే ఇప్పటి పిల్లలు ఏడాది పొడుగునా చుట్టూ నీళ్ళే అనుకుంటారు. కొల్లేటికి లోతు లేదు కదా, ఎండలు ముదిరేసరికి నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోయి మా గుమ్మం ముందు నేల నెర్రెలిచ్చేది. అందుకే ఒంటిపూట బడులకి మేం నడిచి వచ్చేవాళ్ళం, ఆగస్టు వచ్చిందంటే తాటిదోనె. వాన పడిన రోజు లంక పిల్లలకి మొదటి పీరియడ్ హాజరు మాస్టారు అడక్కుండానే వేసేసేవారు. మీ అందరికీ దాని మీద కుళ్ళని నాకు తెలుసు.

రెండు రోజులుగా రేడియోలో అదే గోల. మా నాన్న ట్రాన్సిస్టర్‌ని చెవి దగ్గర్నుంచి దించలేదు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డాక, అక్కడి మా బంధువుల కోసం వెళ్ళి చూసొచ్చిన మనిషి ఆయన, ఏం చూశారో మాకు ఎప్పుడూ చెప్పలేదు. నాన్నమ్మకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. "అది సముద్రంరా, ఇది కొల్లేరు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఉండగా మనకేం అవుద్ది" అని రోలు దగ్గర కూర్చుని పచ్చడి నూరుతోంది. అన్నయ్య టెన్షన్ వేరు, ఆ రోజే చిరంజీవి కొత్త సినిమా రిలీజు, ఏలూరు వెళ్ళడానికి డబ్బులు కూడబెట్టుకున్నాడు. నాన్న ఒక్క చూపు చూసేసరికి చొక్కా విప్పి తాళ్ళు పట్టుకోడానికి వచ్చాడు.

పొద్దున ఈశాన్యం నుంచి గాలి. ఆగకుండా వీచే గాలి కాదు, ఒక్క విసురు విసిరి ఆగి మళ్ళీ అంతకంటే పెద్దది. పాత వలలన్నీ తెచ్చి తాటాకు కప్పు మీద పరిచి అంచులకి రాళ్ళు కట్టాం, గడ్డివాముకీ అంతే. గట్టు మీద బోర్లించి ఉన్న దోనెని తాటిమొదలుకి కట్టేశాం. చివరికి గేదెల పలుపులు విప్పేశారు నాన్న. కట్టేసి ఉన్న గొడ్లు కట్టుకొయ్య దగ్గరే చచ్చిపోతాయి, వదిలేస్తే వాటి మెట్ట అవే వెతుక్కుంటాయి అని డెబ్భై ఏడు తర్వాత ప్రతి లంకలోనూ అందరికీ తెలుసు. ఆ పని చేసేటప్పుడే అమ్మ ఏడ్చింది. ఇల్లు వదిలేటప్పుడు కూడా ఏడవలేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి నీళ్ళు వచ్చేశాయి. వాన ఇంకా గట్టిగా పట్టనేలేదు, ఏ ఏరూ పొంగలేదు, మరి ఎక్కడివి? కొల్లేరు పళ్ళెంలా ఉంటుంది కాబట్టి ఉన్న కాసిన్ని నీళ్ళనీ గాలి మా దక్షిణం వైపుకి నెట్టేసింది. ఈ సంగతి తర్వాత మన సైన్సు మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. అప్పటికి మాత్రం నెర్రెలిచ్చిన నేల మీదుగా నురగతో నీళ్ళు గుమ్మంలోకి పాకి రావడం చూసి నాన్నమ్మ మొదటిసారి లేచి నిలబడింది. కొల్లేటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరు మీదుగా సముద్రమే ఎదురొచ్చేసిందనుకుంది. పైగా ఆ రోజు వైశాఖ పౌర్ణమి, పోటు రోజు. "పదండర్రా" అని తనే ముందు బయల్దేరింది, పచ్చడి జాడీ చంకన పెట్టుకుని.

సాయంత్రానికి ట్రాక్టర్ మీద మన బడికి చేరాం. పాత బిల్డింగులో ఎనిమిదో తరగతి గది మాకు వచ్చింది. బెంచీలు గోడకి పేర్చేసి చాపలు పరిచారు. బోర్డు మీద ఎవరో వేసిన రేఖాగణితం బొమ్మ ఇంకా అలాగే ఉంది. రాత్రి పడేసరికి కృష్ణా ముఖద్వారం దగ్గర తుఫాను తీరం దాటుతోందని మాకేం తెలుస్తుంది, అప్పటికి రేడియో కూడా మూగబోయింది. కిటికీ రెక్కలకి అడ్డంగా మగవాళ్ళు వీపులు ఆన్చి నిలబడ్డారు. పెంకులు లేచిపోతున్న చప్పుడు వరసగా ఆఫీసు గది వైపు నుంచి మా వైపు వస్తోంది. లాంతర్లు ఆరిపోయాయి. ఒక పసిబిడ్డకి పాలు వెచ్చబెట్టడానికి పొయ్యి వెలగకపోతే, మనల్ని ఏనాడూ ముట్టుకోనివ్వని స్పిరిట్ దీపాన్ని సైన్సు మాస్టారు ల్యాబు తాళం తీసి పట్టుకొచ్చి, ఆ చీకట్లో మోకాళ్ళ మీద కూర్చుని బీకరులో పాలు కాచారు. సొంత ఇల్లు బడికి రెండు వీధుల అవతలే ఉన్నా ఆ రాత్రి ఆయన వెళ్ళలేదు. మాకందరికీ అటుకులూ బెల్లం, నంచుకోడానికి నాన్నమ్మ పచ్చడి.

తెల్లారేసరికి గాలి తిరిగి దక్షిణం నుంచి వీచింది, నీళ్ళు అవతలి ఒడ్డుకి పోయాయి. మా ఇంటికి నాలుగు గోడలు మిగిలాయి, కప్పు లేదు, వాము లేదు. ఒకటి తప్ప గేదెలన్నీ వాటంతటవే తిరిగొచ్చాయి. నష్టం రాసుకోడానికి వచ్చినాయన మా ఇంటిని "పాక్షికం" అని రాసుకున్నాడు. గోడలున్నాయి కదమ్మా అన్నాడు! ఇప్పటికీ మా ఇంట్లో ఏదైనా పూర్తిగా పాడైపోతే పాక్షికం అనే అంటాం.

తర్వాత తెలిసిన లెక్కల ప్రకారం ఆ తుఫానులో 967 మంది పోయారు. డెబ్భై ఏడులో పదివేలకి పైనే. గాలి తక్కువేం కాదు, ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే కదిలించారు, అదీ తేడా. ఆఫీసుల్ని తిట్టడంలో నేను ఎవరికీ తీసిపోను గానీ ఈ ఒక్క విషయంలో నోరెత్తను, ఆ ట్రాక్టర్ రాకపోతే నాన్నమ్మ పచ్చడి జాడీతో ఎంత దూరం నడిచేది?

అసలు కొల్లేటివాళ్ళకి తుఫాను వెళ్ళిపోయాకే రెండో కష్టం మొదలవుతుంది. పైన కురిసిందంతా బుడమేరు, తమ్మిలేరు మోసుకొస్తాయి, సముద్రంలోకి దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుకే వాన వెలిసిన ఎన్నో రోజులకి నీళ్ళు పెరుగుతాయి. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పెరిగే కొద్దీ ఆ నీళ్ళు పరుచుకునే చోటు తగ్గిపోయింది. 2006లో ప్రభుత్వం ఆ గట్లు కొట్టేసినప్పుడు మా వాళ్ళే సగం మంది ఏడ్చారు, సగం మంది మంచిదే అన్నారు. నేను రెండో సగం. దీని మీద మా తమ్ముడికీ నాకూ ఇంకా మాటల్లేవు, వాడికి చేపల చెరువులున్నాయి మరి.

అన్నయ్య ఆ సినిమా తర్వాత చూసొచ్చాడు, అంత గాలివానలో విడుదలైనా హాలు కిక్కిరిసిపోయిందట. బడి తెరిచేనాటికి మన పై కప్పుకి పెంకులు పడలేదు, అందుకే పదో తరగతి వరండాలో మొదలైంది. గుర్తుందా, వాన జల్లు పడితే అబ్బాయిలు ముందుకీ మేం వెనక్కీ జరిగేవాళ్ళం. ఆ పాత బిల్డింగు ఇప్పుడు లేదు. మీలో ఎవరి దగ్గరైనా దాని ఫోటో ఉంటే సంచిక అచ్చుకి వెళ్ళేలోపు పంపండి, గ్రూప్ ఫోటోలో వెనకాల కాస్త కనిపించినా చాలు.