హ్యూస్టన్ బొంతల జాతరకు పోయేటప్పుడు

వరంగల్, కరీంనగర్ నుంచి పిల్లల దగ్గరికి అమెరికా పోయే అమ్మలు చాలామంది. వాళ్లలో బొంత కుట్టే చేయి ఉన్నవాళ్లకు ఒక మాట. ప్రయాణం అక్టోబరులో గానీ నవంబరు మొదట్లో గానీ పడేటట్టు పెట్టుకుంటే హ్యూస్టన్‌లో ఏటా జరిగే ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్ చూడొచ్చు. క్విల్ట్ అంటే అక్కడి బొంత. నగరం నడిమధ్యన జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో జరుగుతుంది. ఆ ఏటి తేదీలు చూసుకున్నాకే విమానం టికెట్టు కొనాలి. నేర్పే క్లాసులకు విడిగా పేరు రాయించుకోవాలి, మంచివి ముందే నిండిపోతాయి.

మేడారం పోయినవాళ్లకు తెలిసిందే, ముందు గద్దెలు, తర్వాతే అంగళ్లు. ఇక్కడా అంతే. పొద్దున తలుపులు తీయగానే క్విల్ట్‌ల వైపు నడవాలి. దుకాణాల్లో మొదట దిగితే మధ్యాహ్నానికి భుజాన బరువు, కాళ్లకు నొప్పి, అసలు చూడాల్సినవాటి ముందు నిలబడే ఓపిక ఉండదు. హాలంతా గట్టి నేల, ఏసీ చలి. మెత్తటి బూట్లు, ఒక శాలువా ఉండాలి.

క్విల్ట్‌కు మూడు పొరలు. పైన ముక్కల అతుకు, మధ్యన బ్యాటింగ్ అనే దూది పొర, కింద అడుగు గుడ్డ. మన బొంతలో దూది ఉండదు, చీరలే పొరలు. అందుకని పైనున్న రంగుల డిజైన్ దగ్గరే ఆగిపోతే మనకు పనికొచ్చేది సగమే దొరుకుతుంది. నా లెక్కలో చూడాల్సింది వెనక వైపు. చేత్తో ముట్టుకోనివ్వరు, కానీ తెల్ల గ్లౌజులు వేసుకున్న కార్యకర్తలు ఉంటారు. అడిగితే వాళ్లే అంచు తిప్పి చూపిస్తారు. అప్పుడు మూడు సంగతులు గమనించండి: దారం ముడి ఎక్కడ దాచారు, మూలల్లో అంచు పట్టీ ఎట్లా మడిచారు, వేలాడదీసే కర్ర దూర్చే గుడ్డ గొట్టం ఎట్లా కుట్టారు. ఫొటో తీయొద్దని బోర్డు లేని చోట ముందు పేరు చీటీ తీసి, తర్వాత క్విల్ట్ తీయాలి. లేకపోతే ఇంటికొచ్చాక ఏది ఎవరిదో తెలియదు.

ఇదే హ్యూస్టన్‌లో 2002లో ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం వాళ్లు అలబామాలోని గీస్ బెండ్ అనే పల్లె క్విల్ట్‌లను ప్రదర్శించారు. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి తొడిగి మాసి చిరిగిన బట్టలతో కుట్టినవి. మోకాలి దగ్గర వెలిసిన మరక కూడా వాటిలో అందమే. పాత చీరల బొంతను తీసుకుపోయి చూపించడానికి ఎందుకు మొహమాటం?

చూపించే బొంతకు మాత్రం పని గట్టిగా ఉండాలి. అయిదున్నర మీటర్ల నూలు చీర మధ్యకు మడిస్తే సుమారు 2.75 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పులో రెండు పొరలు వస్తాయి. మూడు చీరలకు ఆరు పొరలు, ఒక మనిషికి సరిపోయే బొంత. అన్నీ నూలువే వేయాలి. మధ్యలో ఒక పాలిస్టర్ చీర పడితే పొరలు ఒకదాన్నొకటి పట్టుకోవు, ఉతికిన కొద్దీ జారి ఒక పక్కకు గుట్టవుతాయి. కొత్త గుడ్డ కలిపితే ముందే నానబెట్టి, ఉతికి ఆరేయాలి. పాత చీర కుంచించుకోవడం ఎప్పుడో అయిపోయింది, కొత్తది ఇప్పుడు మొదలుపెడుతుంది. ఆ తేడాకే బొంత ముడతలు పడుతుంది. కచ్చా కుట్లు నడిమి నుంచి అంచులకు జానెడు దూరంలో వేయాలి. అంచుల నుంచి మొదలుపెడితే వదులంతా మధ్యలో చేరి బుడగ లేస్తుంది. ఆ బుడగ తర్వాత ఎంత కుట్టినా పోదు.

గోడకు వేలాడదీయాలంటే వెనక పై అంచున గొట్టం కావాలి. 9 అంగుళాల వెడల్పు పట్టీని పొడవుగా మడిచి కుడితే సుమారు 4 అంగుళాల గొట్టం వస్తుంది. పొడవు బొంత వెడల్పు కంటే రెండు పక్కలా అంగుళం చొప్పున తక్కువ ఉండాలి. కుట్టు ఒక్క అడుగు పొరనే పడితే బొంత బరువుకు ఆ పాత చీర చిరిగిపోతుంది. మూడు నాలుగు పొరలను పట్టాలి, ముందు వైపు మాత్రం కనపడకూడదు. కింది మూలలో పేరు, ఊరు, సంవత్సరం రాసిన గుడ్డ ముక్క తప్పకుండా కుట్టండి. పెట్టెలో నూలు దుప్పటిలో చుట్టి పెట్టాలి, ప్లాస్టిక్‌లో తేమ ఆగుతుంది. మన దూది చూపిద్దామని గింజ ఉన్న పత్తి మాత్రం పెట్టొద్దు. మన రైతులను ఏడిపిస్తున్న గులాబీ రంగు పురుగును అమెరికా తన పత్తి చేలల్లో నిర్మూలించినట్టు 2018లో ప్రకటించింది. ఆ పురుగు గింజలోనే దాక్కుంటుంది.

ఇక కొనడం. గుడ్డ కోసం డబ్బు పెట్టాల్సిన పని లేదు, నూలు గుడ్డ మన దగ్గర బోలెడు. ఒకటి రెండు ఫ్యాట్ క్వార్టర్లు, అంటే 18 అంగుళాలకు 22 అంగుళాల ముక్కలు, గుర్తుకు తెచ్చుకుంటే చాలు. పనికొచ్చేవి 45 మిల్లీమీటర్ల రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు దొర్లుతూ గుడ్డ కోసేది), దాని బ్లేడ్లు, 6 అంగుళాలకు 24 అంగుళాల పారదర్శక స్కేలు. కట్టర్, బ్లేడ్లు చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు, చెకిన్ పెట్టెలోనే వేయాలి. పావు అంగుళం ఫుట్ అంటే గుడ్డ అంచుకు సరిగ్గా పావు అంగుళంలో కుట్టు పడేట్టు చేసే కుట్టు మిషన్ పాదం. అది కొనేముందు ఇంటి మిషన్ ఫుట్‌ను దించి, సూది పలక నుంచి ఫుట్ బిగించే మర నడిమి వరకు కొలవండి. సుమారు ముప్పావు అంగుళం ఉంటే లో షాంక్, అంటే ఫుట్ బిగించే కాడ పొట్టి రకం. ఆ కొలత, మిషన్ ఫొటో ఫోనులో ఉంటే దుకాణం వాళ్లే సరైనది తీసిస్తారు.

మిషన్ ఎంత చవకగా కనిపించినా ఆగాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. రెండింటికీ పనికొస్తుందని మిషన్ మీద రాసి లేకపోతే, ఇక్కడ ప్లగ్ పెట్టగానే మోటారు కాలిపోతుంది.

కటింగ్ మ్యాట్, అంటే కట్టర్‌తో కోసేటప్పుడు గుడ్డ కింద పరిచే పలక, 18 అంగుళాలకు 24 అంగుళాలదే తీసుకోండి, పెద్ద పెట్టెలో పడుతుంది. చుట్టొద్దు, పెట్టె అడుగున పరిచి మీద బట్టలు సర్దండి. ఇంటికొచ్చాక ఎండ తగిలే గోడకు నిలబెట్టొద్దు. మే నెల వేడికి అలలు తిరిగిందంటే దాని మీద స్కేలు సరిగ్గా కూర్చోదు, కోత వంకర పోతుంది.